డబ్బా మీద రాత

(పెన్షనర్ల దినోత్సవం సందర్భంగా జరిగిన మన సంఘ సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



డిసెంబరు 17 మనకు పండుగ రోజు. 1982లో ఇదే తేదీన నకారా కేసులో సుప్రీంకోర్టు పెన్షన్ అనేది ప్రభుత్వం దయతలచి పెట్టే ముష్టి కాదని తేల్చింది. అందుకని ఈ వేదిక మీద ఏటా కరువు భృతి గురించో, వైద్య ఖర్చుల రీయింబర్స్‌మెంటు గురించో మాట్లాడుకోవడం ఆనవాయితీ. ఈసారి కార్యదర్శిగారు నా ఇంటికి వచ్చి, "మాస్టారూ, మనవాళ్లకి వచ్చే పెన్షన్‌లో మూడోవంతు మందుల షాపుకే పోతోంది. మీరు జీవితమంతా ఆ షాపులే తనిఖీ చేశారు గదా, నాలుగు మాటలు చెప్పండి" అన్నారు. మూడోవంతు అన్నది ఆయన లెక్క. నాది అంతకంటే ఎక్కువే అవుతోంది.

నేను 1977లో డ్రగ్స్ ఇన్‌స్పెక్టరుగా చేరి 2010లో రిటైరయ్యాను. ఈ రోజుల్లో డ్రగ్స్ అనే మాటకు అర్థమే మారిపోయింది. మా మనవడు మొన్న, "తాతయ్యా, నువ్వు తుపాకీ పెట్టుకుని గంజాయి వాళ్లని పట్టుకునేవాడివా?" అని అడిగాడు. లేదురా, నా దగ్గర ఉండేవి ఒక భూతద్దం, లక్క, కొవ్వొత్తి, పురికొస అన్నాను. వాడికి నా మీద గౌరవం కాస్త తగ్గినట్టే కనిపించింది.

నేను ఇవాళ డాక్టరు చీటీ మీద కొనే మందుల జోలికి పోను. మనంతట మనం షాపుకు వెళ్లి, "మోకాళ్ల నొప్పులకేదైనా ఇవ్వవయ్యా" అని అడిగి తెచ్చుకునే వాటి గురించే చెబుతాను. బిళ్లలు, పొడులు, తైలాలు, టానిక్కులు, దగ్గు మందులు. మన చట్టంలో వీటికి వేరే పేరంటూ లేదు. చీటీ ఉంటేనే అమ్మాలన్న మందులకు హెచ్, హెచ్1, ఎక్స్ అని షెడ్యూళ్లున్నాయి. ఆ జాబితాల్లో లేనివాటిని మామూలుగా చీటీ లేకుండానే అమ్ముతారు. వెయ్యి జనాభా దాటని పల్లెల్లో తలనొప్పి బిళ్ల, అమృతాంజనం లాంటి బామ్, గ్రైప్ వాటరు వగైరాలను లైసెన్సు లేని కిరాణా కొట్టులో కూడా అమ్మవచ్చు. అంటే ఇక్కడ మనకూ రోగానికీ మధ్య డాక్టరు లేడు, ఒక్కోసారి ఫార్మసిస్టు కూడా లేడు. ఉన్నదల్లా డబ్బా మీద రాసిన రాత.

ఆ రాతలో అబద్ధం ఉంటే అది దానంతటదే నేరం. లోపలి మందు మంచిదా చెడ్డదా అన్నది వేరే సంగతి. 1930లో బ్రిటిష్ ప్రభుత్వం కల్నల్ చోప్రా అధ్యక్షతన వేసిన సంఘం దేశంలో మందుల వ్యాపారాన్ని పరిశీలించింది. దాని ఫలితంగా పదేళ్లకు, 1940లో, మన ఔషధాల చట్టం వచ్చింది. అందులో 17వ సెక్షను తప్పుడు లేబులు మందు అంటే ఏమిటో చెబుతుంది. పాడైపోయిన సంగతి కప్పిపుచ్చడానికో, ఉన్నదానికంటే గొప్పగా కనిపించడానికో రంగు వేసినా, పూత పూసినా తప్పే. నిబంధన ప్రకారం రాయవలసినవి రాయకపోయినా తప్పే. లేబులు మీదగాని, లోపల పెట్టిన కాగితం మీదగాని అబద్ధమైన మాట, మోసపుచ్చే బొమ్మ ఉన్నా తప్పే. బొమ్మ అన్నమాట గుర్తుంచుకోండి, దాని దగ్గరకు మళ్లీ వస్తాను.

ఒక్క మాటకు ఎంత విలువుందో చెప్పే ఉదంతం ఒకటుంది. 1937లో అమెరికాలో ఒక కంపెనీ సల్ఫా మందును ద్రవంగా చేసి "ఎలిగ్జిర్" అని పేరు పెట్టి అమ్మింది. మందు కరగడానికి అందులో వాడింది డైఇథైలిన్ గ్లైకాల్ అనే విషం. నూరుమందికి పైగా చనిపోయారు, వారిలో చాలామంది పిల్లలు. విచిత్రమేమిటంటే, అమ్మే ముందు మందు ప్రాణానికి ప్రమాదం కాదని నిరూపించాలనే చట్టం అప్పుడక్కడ లేదు. మరి ప్రభుత్వం దేన్ని పట్టుకుని ఆ సీసాలన్నీ వెనక్కి లాగిందయ్యా అంటే, ఎలిగ్జిర్ అంటే ఆల్కహాలు ఉండాలి, ఇందులో లేదు కాబట్టి లేబులు తప్పు అనే ఒక్క కారణం మీద. "సొల్యూషన్" అని రాసి ఉంటే అధికారులు చేతులు ముడుచుకుని కూర్చోవలసి వచ్చేది. ఊరూరా, షాపుషాపూ, చివరికి రోగుల ఇళ్లూ తిరిగి, తయారైన 240 గ్యాలన్లలో 234 గ్యాలన్ల దాకా వెనక్కి రప్పించారు. ఆ మరుసటి సంవత్సరం వాళ్ల చట్టం మారింది. నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో ఇది విని, లేబుల్ని సరిగ్గా చదవడం వచ్చినవాడు ప్రాణాలు కాపాడగలడని గట్టిగా నమ్మాను. ఆ నమ్మకంతోనే చాలా ఏళ్లు పనిచేశాను.

మా పని పద్ధతి కాస్త చెబుతాను. అనుమానం వచ్చిన మందును డబ్బిచ్చి కొనాలి. ఎందుకు తీసుకుంటున్నామో షాపువాడికి రాతపూర్వకంగా ఇవ్వాలి. అతని ఎదుటే నాలుగు భాగాలు చేసి, మూటగట్టి, లక్క సీలు వెయ్యాలి. ఒకటి అతనికి, ఒకటి ప్రభుత్వ ఎనలిస్టుకు, ఒకటి కోర్టుకు, ఒకటి షాపువాడు ఎవరి దగ్గర కొన్నానని చెబుతాడో వారికి. సరుకు ఎవరి దగ్గర కొన్నాడో షాపువాడు చెప్పి తీరాలి. అతను చెప్పిన హోల్‌సేలు వాడి దగ్గరకు, అక్కడినుంచి కంపెనీకి, బిల్లుల తాడు పట్టుకుని ఏరు దాటినట్టు వెళ్లాలి. ఆ తాడు ఎక్కడ తెగితే అక్కడ కేసు మునుగుతుంది. ఎండాకాలం మధ్యాహ్నం, ఫ్యాను గాలికి కొవ్వొత్తి ఆరిపోతుంటే, షాపు ముందు పాతికమంది గుమిగూడి చూస్తుంటే, లక్క కరిగించి సీలు వెయ్యడం ఎంత కష్టమో అనుభవించినవాడికే తెలుస్తుంది. జిల్లాకు ఇద్దరమో ముగ్గురమో ఉండేవాళ్లం. జీపుంటే డీజిలుండదు, డీజిలుంటే డ్రైవరు సెలవు.

అయినా తప్పుడు లేబుళ్లు పట్టుకోవడంలో నాకు కొంచెం పేరుండేది. ఒకసారి ఒక షాపులో చర్మానికి పూసే ఆయింట్‌మెంటు అట్టపెట్టెలు తళతళలాడుతున్నాయి, గడువు ఇంకా ఏడాదిన్నర ఉంది. ట్యూబు తీసి దాని అడుగు మడత మీద గుద్దిన అంకెలు భూతద్దంతో చూస్తే గడువు తీరి ఎనిమిది నెలలైంది. పెట్టె మార్చారుగాని ట్యూబు మడత మార్చలేరు గదా. షాపు యజమాని నా వంక చూసి, "మీ కళ్లకు ఏం మందు వేస్తారండీ?" అన్నాడు. ఆ మాట చాలాకాలం గొప్పగా చెప్పుకుని తిరిగాను.

ఇక ఇప్పుడు, నేను చెప్పాలని వచ్చిన సంగతి. ఇది మా ఇంట్లో వాళ్లకు తప్ప బయట చెప్పలేదు.

మా అక్కయ్య నాకంటే పదకొండేళ్లు పెద్దది. మా అమ్మ పోయాక నన్ను పెంచింది ఆవిడే. రేపల్లె దగ్గర పల్లెలో ఉండేది. 1992 ప్రాంతాల ఆవిడకు మోకాళ్ల నొప్పులు పట్టుకున్నాయి. పీట మీద కూర్చుంటే లేవలేదు, నీళ్లబిందె ఎత్తలేదు. 1994 సంక్రాంతికి నేను కుటుంబంతో వెళితే, ఆశ్చర్యం, చకచకా నడుస్తోంది. పొలం గట్టు దాకా వెళ్లి మాకు తేగలు తెచ్చింది. ముఖం గుండ్రంగా నిండుగా ఉంది. ఇరుగుపొరుగు అమ్మలక్కలంతా, "ఒళ్లు చేసింది, రంగు తేలింది, తమ్ముడొచ్చిన వేళావిశేషం" అని మెచ్చుకుంటున్నారు. ఏమిటక్కయ్యా మందు అంటే, గూట్లోంచి రేకు డబ్బా తీసి చూపించింది. బస్టాండు దగ్గర ఫ్యాన్సీ కొట్టులో దొరుకుతుందట. ఆయుర్వేదమట. పూటకో చెంచా పొడి, గోరువెచ్చని నీళ్లతో.

ఆ డబ్బా నా చేతిలోకి తీసుకున్నాను. గడ్డం మునీశ్వరుడి బొమ్మ, చుట్టూ ఆకులు. "పూర్తిగా మూలికలు, ఎట్టి దుష్ఫలితములు లేవు" అని తెలుగులో. కింద ఉత్తరాదిలోని ఒక ఊరి పేరు, పోస్టుబాక్సు నంబరు. అంతే. ఇవన్నీ ఇప్పుడు ఎందుకు చెప్పగలుగుతున్నానంటే, తర్వాత ఆ డబ్బాను వందసార్లు చూశాను కాబట్టి. ఆ రోజు చూడలేదు. చేతిలోకి తీసుకున్నాను, తిప్పాను, గూట్లో పెట్టేశాను. లైసెన్సు నంబరుందా, బ్యాచి నంబరుందా, అందులో ఏ మూలిక ఎంతుందో రాశారా, తయారీ తేదీ ఉందా, ఏదీ చూడలేదు. ఆయుర్వేదం మందులు అమ్మడానికి లైసెన్సు అక్కర్లేదు గనుక షాపుల్లో కూడా ఆ అర వైపు మా చూపు తక్కువ పోయేది. అదొక కారణం. పండుగ పూట, అక్కయ్య నడుస్తోందన్న సంతోషం ఇంకో కారణం. జీతం ఇస్తే భూతద్దం పెట్టి చదివే నా కళ్లు ఇంట్లో ఊరికే కూడా చదవలేదు.

ఆ ఏడాది ఆషాఢంలో కొట్టుకు సరుకు రావడం ఆగిపోయింది. పొడి అయిపోయిన వారం పది రోజులకు అక్కయ్యకు వాంతులు, నీరసం, లేస్తే కళ్లు తిరిగి పడిపోవడం. గుంటూరు ఆసుపత్రిలో చేర్చేసరికి బి.పి. అందడం లేదు. పెద్ద డాక్టరుగారు వచ్చి, "ఏం మందులు వాడుతున్నారమ్మా?" అని అడిగారు. "మందులేం వాడనండీ, పొడి ఒక్కటే" అన్నది. ఆయన చేతి చర్మం పట్టుకుని చూశారు, కాగితంలాగా పల్చగా ఉంది. ముఖం వంక చూసి నా వైపు తిరిగి, "ఎన్నాళ్లనుంచి స్టెరాయిడ్ పడుతోంది?" అన్నారు.

మీలో చాలామందికి తెలిసే ఉంటుంది. బయటనుంచి స్టెరాయిడ్ నెలల తరబడి పడుతుంటే, ఒంట్లో సహజంగా దాన్ని తయారుచేసే గ్రంథులు నిద్రపోతాయి. ఒక్కసారిగా మానేస్తే అవి వెంటనే లేవలేవు. మనిషి కుప్పకూలిపోతాడు. అందుకే ఇలాంటి అనుమానం వచ్చినా టక్కున మానెయ్యకండి, ఆ డబ్బా పట్టుకుని ఆ రోజే డాక్టరు దగ్గరకు వెళ్లండి, ఆయన మెల్లగా తగ్గిస్తారు. అక్కయ్య బతికింది. కానీ సుగరు బయటపడింది, అది పోలేదు. రెండేళ్లకు పెరట్లో కాలు జారి తుంటి ఎముక విరిగింది. ఎముకలు గుల్లబారాయన్నారు.

ఆసుపత్రిలో కాస్త తేరుకున్నాక, నేను పక్కన కూర్చుని ఆ కొట్టువాణ్ణి తిడుతుంటే, అక్కయ్య నెమ్మదిగా అన్నది: "నువ్వూ చూశావు గదరా. నువ్వు ఏమీ అనకపోతే మంచిదే అనుకున్నా."

ఆవిడ నిష్ఠూరంగా అనలేదు. ఉన్న సంగతి చెప్పింది.

సరే, కేసు సంగతి చెబుతాను. ఆ ప్రాంతం నా పరిధి కాదు. అక్కడున్న మా సహోద్యోగికి చెప్పాను. అప్పటికే బస్టాండు కొట్టువాడు సరుకు ఖాళీ చేశాడు. అక్కయ్య ఇంట్లో ఏడు డబ్బాలున్నాయిగాని ఆరింటిని శుభ్రంగా తోమి ఆవాలు, జీలకర్ర, మెంతులు పోసుకుంది. ఏడోదానిలో చెంచాడు పొడి మిగిలింది. మూత తీసిన డబ్బా కోర్టులో సాక్ష్యంగా నిలవదు. బిల్లు లేదు. మా సహోద్యోగి మంచి పట్టుదల మనిషి. మూడు నెలలు సంతలన్నీ తిరిగి వేరే ఊళ్లో ఒక షాపులో అవే డబ్బాలు పదకొండు పట్టుకున్నాడు. నాలుగు భాగాలు, లక్క, సీలు, పంచనామా అన్నీ జరిగాయి. లేబొరేటరీ రిపోర్టు వచ్చింది: డెక్సామెథజోన్. మునీశ్వరుడి బొమ్మ వెనుక ఉన్నది ఆ స్టెరాయిడే.

షాపువాడు, "సైకిలు మీద ఒకాయన వచ్చి ఇచ్చిపోతాడండీ, బిల్లెక్కడిది?" అన్నాడు. డబ్బా మీది చిరునామాకు పంపిన రిజిస్టరు ఉత్తరం, "అట్టివారు లేరు" అని తిరిగొచ్చింది. చివరికి బోనులో నిలబడింది ఆ చిల్లర షాపువాడొక్కడే. కేసు ఏళ్ల తరబడి నడిచింది. కింది కోర్టులో శిక్ష పడింది, అప్పీలులో నమూనా తీసిన పద్ధతిలో లోపం ఉందని కొట్టేశారు. తీర్పు నేను చదివాను. న్యాయమూర్తి తప్పేమీ లేదు, పంచనామాలో ఒక సంతకం నిజంగానే లేదు. ఆ పొడి కలిపినవాడెవరో ఇవాళ్టికీ తెలియదు. అక్కయ్య 2003లో కాలం చేసింది.

ఇది ముప్ఫై ఏళ్ల కిందటి మాట, ఇప్పుడన్నీ మారాయి అంటారేమో. కొన్ని మారాయి. 2008లో చట్టాన్ని సవరించి శిక్షలు పెంచారు. తప్పుడు లేబులుకు కనీసం ఏడాది జైలు, ఇరవై వేల జరిమానా అన్నారు. 2023లో జనవిశ్వాస్ చట్టం తెచ్చి ఆ తరగతి నేరాలను డబ్బు కట్టి రాజీ చేసుకునే వీలు కల్పించారు. దీని మీద నాది రెండు నాలుకల మాట అనుకోకండి. అచ్చు తప్పు లాంటి లోపానికి పదేళ్లు కోర్టుల చుట్టూ తిప్పడం నాకూ ఇష్టం లేదు. కానీ తెలిసి అబద్ధం అచ్చువేసేవాడికి ఆ రాజీ సొమ్ము కూడా వ్యాపారం ఖర్చు కింద జమ అవుతుందేమోనని నా భయం.

మోసం కూడా వేషం మార్చింది. 2023, 2024 సంవత్సరాల్లో తెలంగాణ ఔషధ నియంత్రణ శాఖవారు వరసగా దాడులు చేశారు. పత్రికల్లో మీరూ చూసే ఉంటారు. కొన్ని చోట్ల, మందుగా తయారుచేయవలసిన సరుకును ఆహార పదార్థాల లైసెన్సు మీద తయారుచేసి మందుల షాపులకు పంపుతున్నారు. కొన్ని డబ్బాల మీద కీళ్లవాతం, మధుమేహం, మూత్రపిండాల్లో రాళ్లు నయమవుతాయని రాసుకున్నారు. ఈ జబ్బులు నయం చేస్తామని ప్రకటించుకోవడాన్ని 1954లోనే చట్టం నిషేధించింది. ఆ చట్టం కింద 54 జబ్బుల పట్టిక ఉంది. అందులో రక్తపోటు, పక్షవాతం, కంటి శుక్లాలు, చెవుడు, ప్రొస్టేటు బాధ అన్నీ ఉన్నాయి. ఆ పట్టిక చదివితే మన సభ్యుల హాజరు పట్టీ చదివినట్టే ఉంటుంది. ఏ డబ్బా మీదైనా ఆ పేర్లలో ఒకదాని పక్కన "నయం" అనే మాట కనిపిస్తే అనుమానించండి. అలాగే డబ్బా మీద పద్నాలుగు అంకెల ఆహార లైసెన్సు నంబరు ఉంటే అది చట్టం దృష్టిలో తిండి పదార్థం, మందు కాదు. దానికి రోగం కుదిర్చే హక్కు లేదు.

మనవలను చూసుకునే తాతయ్యలు, అమ్మమ్మలు ఒక సంగతి వినాలి. 1937లో అమెరికాలో పిల్లల్ని చంపిన విషమే 2025లో మధ్యప్రదేశ్‌లోని ఛింద్వారాలో దగ్గు మందు ద్వారా ఇరవైమందికి పైగా పిల్లల్ని పొట్టన పెట్టుకుంది. తమిళనాడులో తయారైన ఆ మందు నమూనాలో ఆ విషం 48.6 శాతం ఉన్నట్టు తేలింది. లోపలి విషాన్ని మనం కంటితో కనిపెట్టలేం, నిజమే. కానీ జలుబు, దగ్గులకు కలిపి ఇచ్చే ఒక రకం మందును నాలుగేళ్ల లోపు పిల్లలకు వాడరాదని లేబులు మీద రాయాలని కేంద్ర ఔషధ నియంత్రణాధికారి 2023 డిసెంబరులోనే ఆదేశించారు. క్లోర్‌ఫెనిరమిన్, ఫినైలెఫ్రిన్ అనే రెండు పేర్లు కలిసి కనిపిస్తే ఆ మందే. పసిపిల్లలకు దగ్గొస్తే మన అలమారాలో మిగిలిన సీసా ఎత్తి పోసే అలవాటు మనలో చాలామందికుంది. మా ఇంట్లోనూ ఉండేది.

ఇక నేను మన సంఘాన్ని కోరేది ఒకటుంది. ఔషధాల చట్టం 26వ సెక్షను ప్రకారం, మనం కొన్న మందును నిర్ణీత రుసుము కట్టి ప్రభుత్వ ఎనలిస్టు చేత పరీక్ష చేయించుకోవచ్చు. రిపోర్టు మన చేతికిస్తారు. ఇన్‌స్పెక్టరు దయ అక్కర్లేదు. ముప్ఫై మూడేళ్ల సర్వీసులో ఈ హక్కు వాడుకున్న మామూలు మనిషిని నేను ఒక్కణ్ణి కూడా చూడలేదు. అక్కయ్య తరఫున నేనే వాడి ఉండవచ్చు, అప్పుడు నాకూ తట్టలేదు. ఏటా మన సభ్యులు ఎక్కువగా వాడే నొప్పుల మందుల్లో, పొడుల్లో రెండు మూడింటిని సీలు తియ్యకుండా, బిల్లుతో కొని, సంఘం ఖర్చుతో పరీక్షకు పంపుదామని నా ప్రతిపాదన. కార్యవర్గం మినిట్సులో రాసుకుంటే సంతోషిస్తాను. మొదటి ఏడాది రుసుము నేను కడతాను.

బిల్లు అడగడానికి మొహమాటపడకండి. "ఇంత చిన్నదానికి బిల్లేమిటి పెద్దాయనా" అంటారు. అడగండి. పది బిళ్లల స్ట్రిప్‌లో నాలుగు కత్తిరించి ఇస్తే, గడువు తేదీ ఉన్న ముక్క వాళ్ల దగ్గరే ఉండిపోతుంది. మీ ముక్క మీద తేదీ, బ్యాచి నంబరు ఉన్నాయో లేదో అక్కడే చూసుకోండి. అంకెలు కనబడకపోతే షాపులో కుర్రాణ్ణి పైకి చదవమనండి. నలుగురిలో పైకి చదవాల్సి వస్తే వాడూ ఒకసారి చూస్తాడు.

కిందటి నెల సర్క్యులరులో, మీ ఇంట్లో చీటీ లేకుండా కొన్న డబ్బాలు, సీసాలు సంచిలో వేసుకుని రమ్మని రాయించాను. చాలామంది తెచ్చినట్టున్నారు, గలగలలు వినిపిస్తున్నాయి. అదిగో, వంట సిద్ధమైందని కార్యదర్శిగారు సైగ చేస్తున్నారు. భోజనాలయ్యాక ఆ కిటికీ పక్క బల్ల దగ్గర కూర్చుంటాను, అక్కడ వెలుతురు బాగుంది. భూతద్దం పాతదే, నా సర్వీసులోది. ఒక్కొక్కరూ రండి.